నేనన్న ఒక్క మాటకు నాన్న మాత్రలు మానేశారు

పేరు రాయొద్దని కోరిన ఒక అమ్మాయి ఉత్తరం ఇది. వయసు 19. వైద్య రంగానికి దగ్గరగా ఉండే ఒక డిగ్రీలో మొదటి సంవత్సరం చదువుతోంది. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇక్కడ చెబుతున్నాను.

బయోకెమిస్ట్రీలో ఆమె వరసగా రెండు ఇంటర్నల్ పరీక్షలు తప్పింది. చదవక కాదు. ప్రొటీన్ల తయారీ పాఠం మొత్తం బట్టీ పట్టింది. గొలుసు ఇక్కడితో ఆపమని చెప్పే మూడు స్టాప్ కోడాన్లూ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే చెయ్యి ఆగిపోతోంది. ఒంట్లో రసాయన చర్యలను నడిపించే ఎంజైములు, వాటిని అడ్డుకునే ఇన్హిబిటర్ల పాఠం మరీ అయోమయంగా ఉంది. ‘కాంపిటీటివ్ అయితే కేఎం పెరుగుతుంది, వీమ్యాక్స్ మారదు’ అన్న వాక్యం నోటికి వచ్చు కానీ ఎందుకని అడిగితే జవాబు లేదు.

అసలు బాధ ఇంట్లో మొదలైంది. రెండేళ్ల కిందట ఆమె తండ్రికి గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఆయన రోజూ కొలెస్ట్రాల్ తగ్గించే ఒక స్టాటిన్ మాత్ర, తక్కువ మోతాదు ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. ఒక సాయంత్రం పుస్తకంలో ఇన్హిబిటర్ల పట్టికలో ఆ రెండు పేర్లూ కనిపించేసరికి ఆమె సంబరంగా ఆయన దగ్గరికి వెళ్లి, “నాన్నా, నువ్వు వేసుకునేవి రెండూ ఎంజైములను ఆపేసే మందులు. ఆస్పిరిన్ అయితే ఎంజైమును శాశ్వతంగా చంపేస్తుంది” అంది. ఆయన, “ఎంజైములు లేకపోతే మనిషి బతకడని మొన్న నువ్వేగా చెప్పావు?” అన్నారు. ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. మర్నాటి నుంచి ఆయన రెండు మాత్రలూ మానేశారు. ఆ సంగతి పన్నెండో రోజున, కదిలించని మాత్రల అట్టలు సొరుగులో కనిపించినప్పుడు బయటపడింది. తల్లికి ఇంకా చెప్పలేదు, చెబితే ఇల్లు దద్దరిల్లుతుందని భయం.

“చదువుకుంటున్న పిల్ల చెప్పింది కదా అని నాన్న నమ్మారు. నాకే అర్థం కాని విషయం ఆయనకు చెప్పాను. ఇప్పుడు ప్రశ్నపత్రంలో ఇన్హిబిటర్ అన్న మాట కనిపిస్తే చేతులు వణుకుతున్నాయి. నాన్నకు ఏమని చెప్పను? ఈ కోర్సు మానేయనా?” అని ఉత్తరం ముగించింది.

అమ్మా, నిన్ను నువ్వు అనే పిలుస్తాను. చాలా ఏళ్లుగా నీ ఈడు పిల్లలకు ఇదే పాఠం చెబుతున్నాను.

నీ ఉత్తరం అందిన రోజే నీకు విడిగా రాశాను. ఇలాంటి చిక్కులో ఇంకెవరైనా ఉంటే వాళ్ల కోసం అదే మాట ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. స్టెంట్ ఉన్న మనిషి ఆస్పిరిన్, స్టాటిన్ మానేశారని తెలిసిన రోజే ఆయనను చూసే డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. ఎన్ని రోజులుగా మానేశారో ఉన్నదున్నట్టు చెప్పాలి. మళ్లీ ఎలా మొదలుపెట్టాలో వాళ్లు చెబుతారు. పోయిన రోజులకు సరిపడా ఒకేసారి ఎక్కువ మాత్రలు మింగడం మాత్రం వద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి చెమటలు పట్టడం లాంటివి ఉంటే ఫోన్ కోసం కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ‘పాఠం బాగా అర్థం చేసుకున్నాక నాన్నకు వివరంగా చెబుతాను’ అని రాశావు. దానికోసం ఒక్క రోజు కూడా ఆగొద్దు. నీకు పాఠం అర్థం కావడం ఒక పని, ఆయన మందు మళ్లీ మొదలవడం ఇంకో పని. రెండోది ముందు జరగాలి.

ఇక స్థిమితంగా మాట్లాడుకుందాం.

నువ్వు నాన్నతో అన్న మాటలో అబద్ధం లేదు. రెండూ ఇన్హిబిటర్లే. ఆస్పిరిన్ తను పట్టుకున్న ఎంజైమును మళ్లీ పనికి రాకుండా చేసే మాటా నిజమే. కానీ ఏ ఎంజైమును, ఏ కణంలో, ఎంతమేరకు, ఎంతకాలం అన్నది నువ్వు చెప్పలేదు. ఆ వివరాలు లేకుండా ‘నీ ఒంట్లో ఎంజైములను ఆపేస్తుంది’ అని వింటే ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది. నాన్న భయపడటంలో తప్పేమీ లేదు. పరీక్షలో నీ చెయ్యి ఆగిపోయేది కూడా సరిగ్గా ఇక్కడేనని నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ అనిపించింది. నీకు పేర్లు వచ్చు, ఆ పేరు గల వస్తువు ఎవరికి, ఎక్కడ, ఏం చేస్తుందో ఇంకా కళ్లకు కట్టలేదు. అందుకే నీ రెండు కష్టాలనూ నేను విడదీయడం లేదు. నాన్నకు చెప్పగలిగేలా నేర్చుకుంటే పరీక్షకూ అదే సరిపోతుంది.

ముందు ఆయన అడిగిన ప్రశ్న. అది చాలా మంచి ప్రశ్న. ఎంజైములు లేకపోతే మనిషి బతకడు, నిజమే. వాటికి అదుపు లేకపోయినా బతకడు. పాంక్రియాస్‌నే తీసుకో. ప్రొటీన్లను ముక్కలు చేసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ అక్కడ పనిచెయ్యని రూపంలో తయారై, పేగులోకి వెళ్లాకే మేల్కొంటుంది. ఎక్కడైనా పొరపాటున ముందే మేల్కొంటే దాన్ని పట్టి ఉంచడానికి పాంక్రియాస్ ఒక ఇన్హిబిటర్‌ను కూడా పక్కనే తయారుచేసి పెట్టుకుంటుంది. ఈ కాపలా దెబ్బతిన్నవాళ్లలో పాంక్రియాస్ తన ఎంజైములకు తానే బలై వాచిపోతుంది. రక్తం గడ్డకట్టే ఎంజైములకు కూడా ఇలాగే యాంటీథ్రాంబిన్ అనే కాపలా ఉంది. అది పుట్టుకతోనే తక్కువైనవాళ్లకు నాళాల్లో అక్కర్లేని గడ్డలు ఏర్పడతాయి. అంటే ఇన్హిబిటర్ అన్నది ఒంటికి పరాయిది కాదు. ఒళ్లు తనకు తాను రోజూ చేసుకుంటున్న పనే అది.

ఇప్పుడు నాన్న స్టాటిన్ దగ్గరికి వద్దాం. కాలేయ కణంలో కొలెస్ట్రాల్ చిన్న ముక్కల నుంచి మొదలై ఇరవైకి పైగా మెట్లు దాటి తయారవుతుంది. ఒక్కో మెట్టు దాటించడానికి ఎంజైమ్ కావాలి. వీటిలో హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఉన్న మెట్టు దగ్గరే మొత్తం పని వేగం తేలుతుంది. ఆ ఎంజైమ్ ఒక పొడవాటి ప్రొటీన్ గొలుసు. అది ముడుచుకున్నప్పుడు ఏర్పడిన గుంటలో హెచ్‌ఎంజీ-కోఏ వచ్చి కూర్చుంటుంది. ఆ గుంటే యాక్టివ్ సైట్. స్టాటిన్ అణువులో ఒక కొస అచ్చం ఆ హెచ్‌ఎంజీలాగే ఉంటుంది. అందుకే అదే గుంటలో చోటు పట్టుకోగలుగుతుంది. అది కూర్చున్నంతసేపు అసలుది లోపలికి రాలేదు. అది లేచిపోతే అసలుది వస్తుంది. ఎంజైముకు ఒక్క గీత కూడా పడదు. కాంపిటీటివ్ అన్న మాటకు అర్థం ఇదే: చోటు కోసం పోటీ.

కథ ఇక్కడితో ఆగితే నాన్న భయానికి సగమే జవాబు దొరికినట్టు. కొలెస్ట్రాల్ తయారీ తగ్గిందని కాలేయ కణం పసిగడుతుంది. వెంటనే ఒక సంకేతం కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ ఎల్‌డీఎల్ రిసెప్టార్ అనే ప్రొటీన్ జన్యువు మీద పని ఎక్కువవుతుంది. డీఎన్ఏ నుంచి ఎంఆర్ఎన్ఏ ప్రతులు ఎక్కువగా తయారవుతాయి, రైబోజోములు వాటిని చదివి ఎక్కువ రిసెప్టార్లను తయారుచేస్తాయి, అవి కణం పైకి చేరతాయి. అక్కడి నుంచి రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకు తిరిగే ఎల్‌డీఎల్ రేణువులను పట్టి లోపలికి లాగేస్తాయి. స్టాటిన్ వల్ల రక్తంలో చెడు కొలెస్ట్రాల్ తగ్గేది ముఖ్యంగా ఈ దారినే. ఈ రిసెప్టార్‌ను కనిపెట్టి, కణం కొలెస్ట్రాల్‌ను ఎలా అదుపులో పెట్టుకుంటుందో తేల్చినందుకే మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఒక ఎంజైమును కొంత నెమ్మదింపజేస్తే కణం ఇంకో ప్రొటీన్‌ను ఎక్కువ చేసుకుంటోంది చూడు. ఈ పాఠాన్ని ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మందు మానేస్తే ఇదంతా వెనక్కి తిరుగుతుంది. కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ పాత స్థాయికి చేరుకుంటుంది. ఆయనకు ఒంట్లో తేడా ఏమీ తెలియదు. మానేసినా బాగానే ఉన్నాను అనిపిస్తుంది. ఆ ధీమాతోనే ప్రమాదం.

ఆస్పిరిన్ సంగతి వేరు, నిన్ను బాగా భయపెట్టింది కూడా అదే. సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైములో ఒక సన్నని దారి ఉంటుంది. ఆ దారిలోంచి వెళ్తేనే ముడిసరుకు యాక్టివ్ సైట్‌కు చేరుతుంది. ఆ దారి పక్కన సెరీన్ అనే ఒక అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్ గొలుసులో ఒక పూస, ఉంది. ఆస్పిరిన్ తన అణువులోంచి ఎసిటైల్ అనే చిన్న ముక్కను తీసి ఆ సెరీన్‌కు అతికించి వెళ్లిపోతుంది. దారి మూసుకుపోతుంది. అతుకు గట్టిది, ఊడదు. రక్తంలో ఆస్పిరిన్ అణువు సగానికి తగ్గడానికి పట్టేది పదిహేను ఇరవై నిమిషాలే. కానీ రక్తం గడ్డకట్టేలా గుమిగూడే ప్లేట్‌లెట్ల మీద దాని ప్రభావం వారం పైన ఉంటుంది. ఎందుకు?

ఇదే ప్రశ్న నీ పరీక్షలో అడిగితే ఏం రాస్తావో ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. జవాబు ఇన్హిబిటర్ల పాఠంలో దొరకదు, ప్రొటీన్ల తయారీ పాఠంలో ఉంది. మామూలు కణంలో ఒక ఎంజైమ్ పాడైతే కేంద్రకంలో జన్యువు ఉంది, ఎంఆర్ఎన్ఏ ప్రతి వస్తుంది, రైబోజోమ్ కొత్త ఎంజైమును తయారుచేస్తుంది. రక్తనాళం గోడలోని కణాలు కొన్ని గంటల్లోనే ఇలా కోలుకుంటాయి. ప్లేట్‌లెట్‌కు కేంద్రకమే లేదు. పోయిన ఎంజైము స్థానంలో చెప్పుకోదగ్గంతగా కొత్తది చేసుకోలేదు. కాబట్టి అది బతికున్నన్నాళ్లూ, అంటే ఏడు నుంచి పది రోజులపాటు, ఆ దారి మూసుకునే ఉంటుంది. ఆ ప్లేట్‌లెట్ థ్రాంబాక్సేన్ అనే పదార్థాన్ని తయారుచెయ్యలేదు, తోటి ప్లేట్‌లెట్లను గుమిగూడమని పిలవలేదు. స్టెంట్ దగ్గర గడ్డ కట్టకుండా మనకు కావలసింది అదే.

ఇప్పుడు పన్నెండు రోజుల లెక్క చూడు. ఎముక మజ్జ రోజూ దాదాపు పదోవంతు ప్లేట్‌లెట్లను కొత్తగా వదులుతుంది. అవి ఆస్పిరిన్‌ను ఎరగనివి. పన్నెండో రోజుకల్లా నాన్న రక్తంలో పాత ప్లేట్‌లెట్లు ఇంచుమించు మిగలవు. అందుకే నీకు రాసిన మొదటి జాబులో అంత కంగారుగా రాశాను. రోజూ ఒక మాత్ర ఎందుకో కూడా ఇప్పుడు తెలిసింది కదా, ఆ రోజు పుట్టిన కొత్త ప్లేట్‌లెట్ల కోసం.

‘శాశ్వతంగా’ అంటే ఆ ఒక్క ఎంజైమ్ అణువు వరకే. ఒంటికి శాశ్వతం కాదు. ఈ తేడా నాన్నకు చెప్పు. ఆయన ఆ మాటకే బెదిరారు.

ఇక ప్రొటీన్ల తయారీ. కోడాన్ల పట్టిక నీకు కంఠతా వచ్చని రాశావు. మంచిదే, కానీ దాన్ని కాసేపు పక్కన పెట్టు. ఒకే ఒక్క అమైనో ఆమ్లం గొలుసుకు చేరే క్షణాన్ని బొమ్మ గీసుకో. రైబోజోమ్‌లో పక్కపక్కన రెండు గదులు గియ్యి. పీ (P) గదిలో ఒక టీఆర్ఎన్ఏ, అంటే అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే అణువు, ఉంది, అప్పటిదాకా తయారైన గొలుసు మొత్తం దానికే వేలాడుతోంది. రెండోదైన ఏ (A) గది ఖాళీ. ఆ గది కింద ఎంఆర్ఎన్ఏ మీద మూడక్షరాల కోడాన్ కనిపిస్తోంది. దానికి జత కుదిరే టీఆర్ఎన్ఏ తన అమైనో ఆమ్లాన్ని మోసుకుని లోపలికి వస్తుంది. ఇప్పుడు గొలుసు పీ గదిలోని టీఆర్ఎన్ఏను వదిలి కొత్తగా వచ్చిన అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. కొత్తది పాత గొలుసు చివరకు వెళ్లడం కాదు, గొలుసే కొత్తదాని మీదికి మారుతుంది. ఇది చాలామంది తిరగేసి రాస్తారు. తర్వాత రైబోజోమ్ ఒక కోడాన్ ముందుకు జరుగుతుంది, ఖాళీ టీఆర్ఎన్ఏ ఈ (E) అనే మూడో గదిలోంచి బయటికి పోతుంది, ఏ (A) గది మళ్లీ ఖాళీ అవుతుంది.

ఇంతే. ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంది. నాన్న కాలేయంలో తయారయ్యే ఆ ఎల్‌డీఎల్ రిసెప్టార్ మొదట 860 అమైనో ఆమ్లాల గొలుసుగా బయటికి వస్తుంది. మన కణాల్లో రైబోజోమ్ సెకనుకు ఐదారు అమైనో ఆమ్లాలను చేర్చగలదు. లెక్క వేసుకుంటే ఒక్క రిసెప్టార్ గొలుసుకు రెండు మూడు నిమిషాలు. నువ్వు ఈ పేజీ చదివేలోపు ఒకటో రెండో తయారై ఉంటాయి, అదీ ఒక్క రైబోజోమ్ లెక్క.

ఈ బొమ్మ చేతికి వచ్చాక యాంటీబయాటిక్‌లను బట్టీ పట్టక్కర్లేదు. ఒక్కొక్కటీ ఏ అడుగు దగ్గర అడ్డుపడుతుందో బొమ్మ మీద గుర్తు పెట్టుకో. టెట్రాసైక్లిన్ ఏ (A) గది గుమ్మంలో నిలబడి టీఆర్ఎన్ఏను రానివ్వదు. క్లోరాంఫెనికాల్ గొలుసు మారే అతుకును పడనివ్వదు. ఎరిత్రోమైసిన్ గొలుసు బయటికి వచ్చే సొరంగంలో అడ్డుకుంటుంది. మరి ఇవి మన రైబోజోములను ఎందుకు వదిలేస్తాయి? బ్యాక్టీరియావి 70ఎస్ రైబోజోములు, మన కణద్రవంలో ఉన్నవి 80ఎస్. ఆకారంలో తేడా ఉంది కాబట్టి మందు అక్కడ సరిగ్గా కుదురుకోదు. కానీ మన మైటోకాండ్రియాలోని రైబోజోములు బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. క్లోరాంఫెనికాల్ లాంటి మందుతో ఎముక మజ్జకు వచ్చే ఇబ్బందికి ఇదొక కారణం. రైబోజోమ్ ఆకారాన్ని అణువు అణువునా చూపించిన వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, ఏడా యోనాథ్‌లకు 2009లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఏ మందు ఎక్కడ కూర్చుంటుందో వాళ్ల పని వల్లే కళ్లారా చూడగలిగాం.

ఎంజైముల వేగం చూపే గ్రాఫుల గురించి అడిగావు. సూత్రం మరిచిపోయి వంద ఎంజైమ్ అణువులను ఊహించుకో. కాంపిటీటివ్ ఇన్హిబిటర్ వాటి గుంటల కోసం సబ్‌స్ట్రేట్‌తో, అంటే ఎంజైమ్ మార్చాల్సిన ముడిసరుకుతో, పోటీ పడుతోంది. సబ్‌స్ట్రేట్‌ను పోస్తూ పోతే చివరికి గుంపులో ఇన్హిబిటర్‌కు చోటే దొరకదు, వంద ఎంజైములూ పనిచేస్తాయి. కాబట్టి వీమ్యాక్స్, అంటే అందుకోగల గరిష్ఠ వేగం, తగ్గదు. కానీ సగం వేగం అందుకోవడానికి మునుపటి కన్నా ఎక్కువ సబ్‌స్ట్రేట్ పొయ్యాల్సి వచ్చింది. ఆ పరిమాణమే కేఎం, అది పెరిగింది. ఇప్పుడు నాన్ కాంపిటీటివ్. ఇన్హిబిటర్ గుంట జోలికి పోకుండా వేరే చోట అతుక్కుని వందలో నలభైని పని మాన్పించింది. సబ్‌స్ట్రేట్ ఎంత పోసినా అరవై చేసే పనే జరుగుతుంది, వీమ్యాక్స్ పడిపోయింది. మిగిలిన అరవైకి మాత్రం పనితనం మారలేదు, కేఎం అలాగే ఉంది. మైఖేలిస్, మెంటెన్ 1913లో ఇచ్చిన సమీకరణం ఇదే కథను అంకెల్లో చెబుతుంది. ఆస్పిరిన్ లాంటి శాశ్వత ఇన్హిబిటర్ ఉన్నప్పుడు కూడా మిగిలిన ఎంజైముల గ్రాఫు ఈ రెండోదానిలాగే కనిపిస్తుంది. ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు.

నాన్నకు ఎలా చెప్పాలన్నదానికి నీ ముందు రెండు మూడు దారులు ఉన్నాయి.

నువ్వే నాన్నతో ఒంటరిగా కూర్చుని, “ఆ రోజు సగమే చెప్పాను, మిగతా సగం ఇప్పుడు చెబుతాను” అనవచ్చు. నా మనసు దీనివైపే మొగ్గుతోంది. ఆయన నీ మాట నమ్మి మానేశారు కాబట్టి నీ నోటి నుంచి వచ్చిన సవరణకు విలువ ఎక్కువ. కానీ ఆయన మళ్లీ ఒక ప్రశ్న అడిగి, నువ్వు మళ్లీ తడబడితే అనుమానం బలపడే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ‘ఇది నాకు తెలియదు, డాక్టరును అడుగుదాం’ అని సూటిగా చెప్పెయ్యి. ఆ మాట ఆ సాయంత్రమే అని ఉంటే ఇంత జరిగేది కాదు.

లేదా డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి ఆయన చేతే చెప్పించవచ్చు. మందు విషయంలో ఇది అన్నిటికన్నా పదిలం. అయితే దారిలో నువ్వు నోరు మెదపకపోతే, డాక్టరు ముందు దోషిలా నిలబెట్టారని నాన్న చిన్నబుచ్చుకోవచ్చు. కాబట్టి ఎందుకు వెళ్తున్నారో బయలుదేరే ముందే చెప్పు.

అమ్మకు చెప్పడం గురించి భయపడ్డావు. గొడవ అవుతుంది, నిజమే. కానీ రోజూ మాత్ర వేసుకున్నారో లేదో చూడగలిగేది ఆమే. దాచి ఉంచితే ఇంకో నెల తర్వాత మళ్లీ మానేసినా ఎవరికీ తెలియదు. నాన్నకు చెప్పాక, ఆయన చేతే అమ్మకు చెప్పించగలవేమో చూడు. అప్పుడు ఎవరూ ఎవరి మీదా చాడీ చెప్పినట్టు ఉండదు.

ఇంకో సంగతి నీ దృష్టికి తేవాలి. ఒక్క వాక్యం విని రెండేళ్లుగా వేసుకుంటున్న మందు మానేసేవాళ్లు తక్కువ. మానేయాలన్న కోరిక ముందే ఎక్కడో ఉండి, నీ మాట ఒక కారణంగా దొరికి ఉండవచ్చు. స్టాటిన్‌తో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. ఆస్పిరిన్‌తో కడుపులో మంట, కొందరికి రక్తస్రావం కూడా. ఇవి నిజమైన ఇబ్బందులు, కొట్టిపారెయ్యకూడదు. “ఈ మాత్రల వల్ల నీకేమైనా ఇబ్బందిగా ఉందా నాన్నా?” అని అడిగి, ఆయన చెప్పేది మధ్యలో అడ్డు తగలకుండా విను. ఉందంటే మోతాదు మార్చాలా, వేరే మందు ఇవ్వాలా అన్నది డాక్టరు చూస్తారు. ఇలా అడగకుండా నువ్వు ఎంత చక్కగా ఎంజైముల పాఠం చెప్పినా ఆయన తల ఊపి, మాత్ర మాత్రం సొరుగులోనే ఉంచేయవచ్చు.

నీ తప్పు ఎంత అని అడిగావు. తెలిసీ తెలియని విషయాన్ని జబ్బు మనిషికి ఖరారుగా చెప్పడం తప్పే. కాదని నిన్ను ఊరడించను. కానీ నీ ఉద్దేశం చెడ్డది కాదు. ఆ పన్నెండో రోజు సొరుగులో అట్టలు చూసి, ఏమీ ఎరగనట్టు మూసేయకుండా రాశావు. ఆ భాగం కూడా లెక్కలోకి తీసుకో.

కోర్సు మానేయడం గురించి. రెండు ఇంటర్నల్స్ తప్పినంత మాత్రాన ఈ సబ్జెక్టు నీకు రాదని తేలదు, నీ చదివే పద్ధతి పని చెయ్యలేదని మాత్రమే తేలింది. మానేస్తే ఇప్పటి భయం పోతుంది, కానీ ఒక ఏడాది పోతుంది, ‘నాన్న విషయంలో పొరపాటు చేసి పారిపోయాను’ అన్న ముల్లు మిగిలిపోతుందని నా భయం. అలాగని, ఇష్టం లేని చదువును మొండిగా లాగడం కూడా మంచిది కాదు. అందుకే మధ్యలో ఒక గడువు పెట్టుకో. ఆరు వారాలు బట్టీ మానేసి, రోజుకు ఒకే బొమ్మ గియ్యి. పుస్తకం మూసి గియ్యాలి, గీసిన ప్రతి గీత పక్కనా ‘ఇది ఆగిపోతే ఏమవుతుంది?’ అని రాసుకోవాలి. మీ టీచరు దగ్గరికి వెళ్తే ‘నాకేమీ అర్థం కాలేదు’ అని కాకుండా ‘ఫలానా అడుగు దగ్గర ఆగిపోయాను’ అని చెప్పు, వాళ్లకూ సాయం చెయ్యడం తేలికవుతుంది. ఆ తర్వాత కూడా ఈ పాఠాలు నీకు భారంగా, ఆసక్తి లేకుండానే అనిపిస్తే అప్పుడు కోర్సు మార్చుకోవడం పారిపోవడం కాదు. చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం ఈలోగా తగ్గకపోతే కాలేజీ కౌన్సెలర్‌తోనో డాక్టరుతోనో మాట్లాడు. అలాంటి టెన్షన్‌ను ఒంటరిగా మోస్తూ ఏ బొమ్మా గియ్యలేవు.

మొదటి రోజుకు ఒక ప్రశ్న ఇస్తున్నాను. మిథనాల్ తాగినవాళ్లకు కంటిచూపు పోయేది మిథనాల్ వల్ల నేరుగా కాదు, ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైముతో మొదలై అది మారిపోయే ఫార్మిక్ ఆమ్లం వల్ల. కొన్ని ఆసుపత్రుల్లో దీనికి చికిత్సగా, వైద్యుల పర్యవేక్షణలో, మరో ఆల్కహాల్ అయిన ఇథనాల్‌నే ఇస్తారు. ఎందుకో ఆ ఎంజైమ్ గుంట బొమ్మ గీసి చెప్పు, మిథనాల్‌కు కేఎం ఏమవుతుందో గ్రాఫు మీద చూపించు. ఆ కాగితం నాకు పంపు, దిద్ది పంపుతాను. నాన్న ఏమన్నారో కూడా అందులోనే రాయి.